ఫొటో కింద ఒంటిగంట నలభై

ఇనుప గనులు జోరుగా నడిచిన రోజుల్లో మా బళ్లారిలో ఒకరిని అనుమానించడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఎవరైనా కొత్త చెప్పులేసుకుని ప్రార్థన మందిరానికి వస్తే చాలు, వెనక వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఎవరింటి మీదైనా రేకులు తీసి స్లాబు వేస్తే, "యా లోడులో వచ్చిందో" అనేవాళ్లు. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రం తీసేసరికి ఎర్రగా అయ్యేవి. ఎంత దులిపినా మడతల్లో ఆ మట్టి ఉండిపోయేది. అనుమానం కూడా అట్లాగే అందరిలోనూ ఉండేది. నాలో కొంచెం ఎక్కువే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను కౌల్ బజార్లో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఆదివారమైతే గాంధీనగర్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం. అక్కడి చాపల మీదే పెరిగాను. ఆదివారపు బడిలో వాక్యాలు కంఠతా చెప్పి ప్రతి ఏడూ బహుమతి తెచ్చుకునేవాణ్ణి. పెద్దయ్యాక సంఘ కార్యదర్శిని చేశారు. పెద్దల సమావేశంలో ఎవరేమన్నారో నోటు పుస్తకంలో రాసేది నేనే. బైబిల్లో ఏ మాట ఎక్కడుందో మా పాస్టరు అయ్యగారి కంటే ముందు చెప్పగలనని లోలోపల ఒక గర్వం ఉండేది.

ఆ ఏడు మంచి శుక్రవారానికి, అంటే గుడ్ ఫ్రైడేకి, అయ్యగారు దేశనూరుకు ఒకరిని పంపాలనుకున్నారు. సిరుగుప్ప తాలూకాలో ఉన్న ఆ పల్లెలో మా సంఘం కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అందరూ పొలం పనులకు పోయేవాళ్లే. పన్నెండు నుంచి మూడు దాకా జరిగే సిలువ ఆరాధనకు వాళ్లు పట్నం రాలేరు. ఎవరో ఒకరు అక్కడికే పోయి ఆరాధన నడిపించాలి. నన్నే పంపుతారనుకుని ప్రసంగం కూడా రాసిపెట్టుకున్నాను. అయ్యగారు డ్రైవరన్నను పంపారు.

డ్రైవరన్న అని మేమంతా పిలిచే ఆ మనిషి దేశనూరులోనే కూలి కుటుంబంలో పుట్టినవాడు. వయసు యాభై దాటింది. వాక్యాన్ని కూడబలుక్కుని చదువుతాడు. ప్రార్థన మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు చేస్తాడు. సిరుగుప్ప వైపు ఒక రైతు కుటుంబం, తరాలుగా వరి పండించుకున్న వాళ్లు, ఆ రోజుల్లో లారీలు కొనడం మొదలుపెట్టింది. ఆ ఇంటి పెద్దను అందరూ దొర అనేవాళ్లు; ఆ దొర దగ్గరే డ్రైవరన్న ఉద్యోగం. వేలితో గీత వెంబడి చదివే మనిషిని పంపి, కంఠతా వచ్చిన నన్ను ఆపారేమిటని నాకు లోపల మండింది. పైకి "దేవుని చిత్తం" అన్నాను.

ఈస్టరుకు ముందు శ్రమకాలంలో మావాళ్లు ఉపవాసంగా ఏదో ఒకటి మానుకుంటారు. కొందరు మాంసం, కొందరు ఒక పూట భోజనం. డ్రైవరన్న టీ మానుకున్నాడు. లారీ నడిపేవాడు టీ మానడం అంటే మాటలు కాదు. మా సంఘంలో ఆ ఉపవాసాన్ని ఈస్టరు ఉదయం ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాకే విడుస్తారు. బల్ల తీసుకోకుండా విడవడం మాకు లేదు.

"బల్ల అయినెంక రెండు గ్లాసులు వరసగా తాగుతా. పందెం!" అని ఆయన అందరితోనూ అనేవాడు.

"ఎవురు కాస్తారన్నా నీతో పందెం? నువ్వు నాలుగు తాగే రకం" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

మంచి శుక్రవారం మరుసటి పొద్దున, శనివారం, ఆ దొర గుమాస్తా స్టూడియోకు వచ్చి ఒక కెమెరా కార్డు ఇచ్చిపోయాడు. బళ్లారిలో తమ ఆఫీసు ముందు చేసిన కొత్త లారీ పూజ ఫొటోలు, ఆ ఆఫీసు గోడకు పెద్దవి కావాలన్నాడు. అప్పుడప్పుడే మాకు ఫిల్ము పోయి డిజిటల్ వచ్చింది. ఆ వారమే మా యజమాని, అందరం భాయ్ అని పిలిచే పెద్దాయన, కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం ఒకటి వేయించాడు. ఫొటో తెరిస్తే కింద ఒక పట్టీ వచ్చేది. ఏ కెమెరాతో తీశారు, ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్నీ అందులో ఉండేవి. ఫొటోతో పాటు కెమెరా లోపల రాసిపెట్టుకునే వివరాలు అవి. నాకదొక కొత్త ఆట. ప్రతి ఫొటోకూ ఆ పట్టీ చదివేవాణ్ణి.

మూడో ఫొటోలో డ్రైవరన్న ఉన్నాడు. బంతిపూల దండ వేసిన కొత్త లారీ, ముందు చక్రం కింద నిమ్మకాయ, పక్కన చేతులు కట్టుకుని ఆయన. పట్టీలో శుక్రవారం తేదీ ఉంది. సమయం 13:40. అంటే మధ్యాహ్నం ఒంటిగంట నలభై. దేశనూరులో ఆయన సిలువ ఆరాధన నడిపిస్తూ ఉండవలసిన వేళ.

ఆ అంకె పక్కన ఇంకో చిన్న గడి ఉంది. అందులో వరసగా సున్నలు ఉన్నాయి. అవేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

నా గుండె గట్టిగా కొట్టుకుంది. బాధతో అని రాయాలని ఉంది గానీ అది నిజం కాదు. దొరికాడన్న సంబరం అందులో ఉంది.

"భాయ్, ఈ టైం కరెక్టేనా?" అని అడిగాను.

భాయ్ కళ్లజోడు పైకెత్తి చూశాడు. "కంప్యూటర్ ఝూట్ బోల్తా క్యా? దానికేం లాభమప్పా అబద్ధం చెప్తే? అదేమన్నా మనిషా?"

మా వాక్యంలో ఒక కట్టడి ఉంది. ఒక్కడి సాక్ష్యం మీద ఎవరినీ దోషిని చెయ్యకూడదు, కనీసం ఇద్దరుండాలి. నేను స్టూడియోలో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఫొటోలో మొహం ఒక సాక్షి. కింద ఉన్న గడియారం రెండో సాక్షి. ఇద్దరయ్యారు. నేరం మోపేది నేను కాదు, అవి రెండూ చెబుతున్నాయి. అట్లా నా మనసును కడిగేసుకుని, ఒక ప్రింటు తీసి, దాని వెనక సమయం రాసి, మధ్యాహ్నమే అయ్యగారి ఇంటికి పోయాను.

అయ్యగారు ఫొటోను చాలాసేపు చూశారు. "దేశనూరు వాళ్లను అడుగుదాం" అన్నారు.

"అందరూ ఆయన బంధువులే కదయ్యగారూ. అక్కడ ఎవరి చేతికీ గడియారం కూడా లేదు. పొద్దు తిరిగితే మధ్యాహ్నమంటారు, పశువులొస్తే సాయంత్రమంటారు."

"మరి రెండో సాక్షి?"

నేను ప్రింటు తిప్పి వెనక రాసిన అంకె చూపించాను. ఆయన కంప్యూటరు ముందు ఎన్నడూ కూర్చున్న మనిషి కాదు. నన్ను నమ్మారు.

సాయంత్రం డ్రైవరన్నను పిలిపించారు. ఫొటో చేతికివ్వగానే ఆయన మొహం వెలిగింది.

"అబ్బో, బాగా పడినాదే! నా పొట్ట గూడా కనపళ్లేదు. ఎవురిచ్చినారయ్యగారూ?"

"ఇది ఎప్పుడు తీసింది?"

"నిన్న పొద్దున్నే. పూజ అయినాక, నేను బస్సెక్కక ముందు."

"ఎన్నింటికి?"

"నాకేమన్నా గడియారముండాదా?"

నేను కల్పించుకున్నాను. "అన్నా, కంప్యూటర్లో ఒంటిగంట నలభై అని ఉంది."

"ఒంటిగంటకు నేను దేశనూర్లో ఉంటి గదప్పా! సిలువ మాటలు చెప్తాంటి."

"కెమెరా రాసుకున్న సమయమన్నా. నేను రాసింది కాదు."

"కెమెరాకు నా మీద ఏం కోపమప్పా?"

"కోపం లేదు కాబట్టే దాన్ని నమ్మాల" అన్నాను. ఆ జవాబు అప్పుడు నాకు చాలా తెలివిగా అనిపించింది.

అయ్యగారు చక్రం కింద నిమ్మకాయ మీద వేలు పెట్టారు. "ఇది తొక్కించింది నువ్వేనా?"

"బండి నాదా అయ్యగారూ? నిమ్మకాయ పెట్టింది దొర, బండి కదిలించింది నేను. ఆయప్ప దేవునికి ఆయప్ప మొక్కుకున్యాడు. నేను సుమ్నె, ఊరికే చేతులు కట్టుకోని నిలబడితి."

"నాకు ముందే చెప్పుండొచ్చు కదా."

"మీరు అడగల్యా."

ఆ మాట అయ్యగారికి నచ్చలేదు. నాకు మాత్రం అది మూడో సాక్షిలా వినిపించింది. అయ్యగారు నెమ్మదిగా చెప్పారు: "నిజం తేలేదాకా నువ్వు బల్లకు రావొద్దు. శిక్ష అనుకోవద్దు. ఆగమంటున్నాను, అంతే."

డ్రైవరన్న ఫొటోను టేబుల్ మీద పెట్టాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "అయితే నా ఉపవాసం ఎట్లయ్యగారూ?" అని అడిగాడు.

మర్నాడు ఈస్టరు. తెల్లవారు ఆరాధన మైదానంలో పెట్టుకున్నాం. స్టూడియో కెమెరా అడిగి తెచ్చుకుని ఫొటోలు నేనే తీశాను. కొవ్వొత్తులు ఇంకా వెలుగుతున్నాయి, గుట్ట పక్కనుంచి సూర్యుడు అప్పుడే తల ఎత్తుతున్నాడు. పాటలయ్యాక బల్ల. ఒక్కో వరసా లేచి ముందుకు పోతోంది. డ్రైవరన్న చివరి వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన భార్య ఒక్కతే ముందుకు వెళ్లి, తిరిగొచ్చి, ఆయన పక్కన కూర్చోకుండా ఒక అడుగు దూరంలో నిలబడిపోయింది. నేను రొట్టె తీసుకున్నాను. అది నా నోట్లో ఉండగానే ఇంకో ఫొటో తీశాను.

ఆరాధన అయ్యాక డేగిసాతో టీ వచ్చింది. డ్రైవరన్న ఆ వైపు చూడకుండా భార్యను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు.

"నేనప్పుడే అనుకుంటి" అంది మా సంఘంలో ఒక పెద్దామె, గ్లాసు ఊదుకుంటూ. "కొత్త బండెక్కినప్పుడే మనిషి మారినాడు."

మార్పు ఏమిటో ఎవరూ అడగలేదు. పొద్దెక్కేసరికి సంగతి అందరికీ తెలిసిపోయింది. నేను నోటు పుస్తకంలో తేదీ వేసి, "ఒక సభ్యుణ్ణి బల్ల నుంచి ఆపడమైనది" అని అందంగా రాశాను.

సోమవారం స్టూడియోలో ఈస్టరు ఫొటోలు కంప్యూటర్లో వేశాను. మొదటిది తెరిచాను. సగం చీకటి, కొవ్వొత్తులు, గుట్ట అంచున సూర్యుడు. కింద పట్టీలో 11:35 అని ఉంది.

నవ్వొచ్చింది. పదకొండున్నరకు నేను ఇంట్లో బిర్యానీ ముందు కూర్చున్నాను. మా కెమెరాలో గడియారం చెడిపోయిందనుకుని దాని తెర మీదే ఆ ఫొటో తెరిచాను. అక్కడ 6:05 అని ఉంది. అది సరైన సమయమే.

నవ్వు ఆగిపోయింది. ఒకే ఫొటో. కెమెరాలో ఆరూ అయిదు, కంప్యూటర్లో పదకొండూ ముప్పై అయిదు. తేడా అయిదున్నర గంటలు. ఆ అయిదున్నర నాకు తెలియనిది కాదు. లండన్ గడియారానికీ మనదానికీ ఉన్న తేడా అంతేనని బడిలో చదివిందే.

భాయ్‌ని పిలిచాను. ఇద్దరం ఆ ప్రోగ్రాంలో ఒక్కొక్క అరా తెరిచి చూశాం. చివరికి ఆ సున్నల గడి అర్థమైంది. కెమెరా గంటలు, నిమిషాలు రాసుకుంటుంది గానీ అవి ఏ దేశపు గంటలో రాసుకోదు. ఆ గడి నిజానికి ఖాళీగా ఉండాలి. ప్రోగ్రాం దాన్ని ఖాళీగా చూపించడం ఇష్టంలేక సున్నలు వేసింది. సున్న అంటే దాని లెక్కలో లండన్ గడియారం. తర్వాత ఆ గంటల్ని మన దేశానికి మార్చి చూపిద్దామని అయిదున్నర కలిపింది. ఎవరూ చెప్పని మాటను తనే ఊహించుకుని, ఆ ఊహకు తనే లెక్క కట్టింది.

"తెలియకపోతే తెలియదని చూపించొచ్చు కదా భాయ్!" అన్నాను.

"ఎవురు చెప్తారప్పా నాకు గొత్తిల్ల, తెలీదు అని?" అన్నాడు భాయ్. "నువ్వు చెప్తావా?"

ఆయనకు డ్రైవరన్న సంగతి తెలియదు. మామూలుగానే అన్నాడు.

లారీ ఫొటో తెరిచాను. ఒంటిగంట నలభైలోంచి అయిదున్నర తీస్తే పొద్దున ఎనిమిదీ పది. పూజ అయ్యాక, బస్సెక్కక ముందు. ఆయన చెప్పినట్టే.

అప్పుడు కనబడింది నీడ. లారీ నీడ లారీ కంటే పొడుగ్గా నేల మీద పరుచుకుని, ఎదురుగా ఉన్న గోడ ఎక్కి ఉంది. మా ఊరి ఎండల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు నీడ మనిషి కాళ్ల కిందే దాక్కుంటుంది. చిన్న పిల్లను అడిగినా ఇది పొద్దుటి ఫొటో అని చెప్పేది. గడియారాలు లేవని నేను ఎగతాళి చేసిన దేశనూరు కూలివాళ్లయితే చూడగానే చెప్పేవాళ్లు. ఆఫీసు గోడ కోసం ఆ ఫొటోను అంత పెద్దది చేసి ప్రింటు తీసింది నేనే. బైబిల్లో ఒక రాజు కోసం దేవుడు నీడను మెట్ల మీద వెనక్కి నడిపించిన సంగతి నాకు కంఠతా వచ్చు. కళ్ల ముందు నేల మీద పడి ఉన్న నీడ మాత్రం కనబడలేదు.

ఇద్దరు సాక్షులని లెక్కపెట్టుకున్నాను కదా. మొహం అబద్ధం చెప్పలేదు, నిలబడి ఉంది, అంతే. రెండో సాక్షి అసలు లేనే లేడు. ఆ గడి ఖాళీ. ఖాళీ గడి చేత నేను ప్రమాణం చేయించాను.

ఆ సాయంత్రమే అయ్యగారికి అంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "తప్పు నాది కూడా. దేశనూరుకు ఒక మనిషిని పంపి ఉండాల్సింది" అన్నారు. ఆ తర్వాత, "నువ్వు నాకు చెప్తే చాలదు. ఆదివారం అందరి ముందూ లేచి చెప్పు" అన్నారు.

ఆదివారం దాకా ఆగలేక డ్రైవరన్న ఇంటికి పోయాను. ఆయన లేడు. లోడు దించేసి అటునుంచి అటే దేశనూరుకు పోతాడని, ఆదివారం దాటేదాకా రాడని భార్య చెప్పింది. గుమ్మంలోనే నిలబడి నేను జరిగింది చెప్పాను. ఆమె పూర్తిగా విని, "కూచోప్పా. టీ పెడ్దునా?" అంది. నేను వద్దనేలోపే తనే మళ్లీ అంది: "పెడ్దామంటే ఆకు లేదులే. ఆ మనిషి తాగకుండా నేనెట్ల తాగుతా? పండగ పోయినా మా ఇంట్లో ఉపవాసం పోలేదు."

ఆదివారం సంఘం ముందు లేచి నిలబడ్డాను. కంఠతా వచ్చిన వాక్యాలేవీ చెప్పలేదు. ఫొటో తెచ్చి నీడ చూపించాను, సున్నల గడి గురించి చెప్పాను, అసూయ గురించి కూడా చెప్పాను. అయ్యాక ఈస్టరు నాడు గ్లాసు ఊదుకున్న ఆ పెద్దామె పక్కావిడతో, "అంతా సరే గానీ, నిమ్మకాయ సంగతేంది మరి?" అనడం నాకు వినబడింది. ఒకసారి పడిన దుమ్ము అంత తేలిగ్గా పోదని అప్పుడు తెలిసింది. వేసిన చెయ్యి నాదే కాబట్టి ఆమెను ఏమీ అనలేకపోయాను.

అయ్యగారు రెండు మాటలు చెప్పారు. డ్రైవరన్నకు వచ్చే నెల బల్ల దాకా ఆగనక్కర్లేదు, ఈ రోజే తను దేశనూరుకు పోయి ఇస్తారు. నాకు మాత్రం వచ్చే నెల బల్ల లేదు. రెండూ న్యాయమే అనిపించింది.

మధ్యాహ్నం బస్సులో నేనూ ఆయనతో పోయాను. రొట్టె తెల్లగుడ్డలో కట్టి ఆయన ఒళ్లో ఉంది. దేశనూరులో ఆరాధన జరిగేది డ్రైవరన్న చెల్లెలి ఇంటి ముందు పందిరిలో. ఆయన భార్య ముందే వచ్చి ఉంది. పందిరి నిండా మనుషులు. నేను చెప్పాల్సింది అక్కడ మళ్లీ చెప్పాను. ఆ శుక్రవారం తమ ముందు నిలబడి ప్రార్థన చేసిన మనిషి అదే వేళకు బళ్లారిలో ఉన్నాడని నేను నమ్మించానంటే వాళ్లకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది.

"మమ్మల్ని ఒక్క మాట అడిగింటే అయిపోయేది గదప్పా" అన్నాడు ఒక ముసలాయన.

డ్రైవరన్న నా వైపు చూశాడు. "మన్నించినా. మర్చిపోయినా అని మాత్రం చెప్పను. అది అబద్ధమైతాది."

అయ్యగారు రొట్టె విరిచి ఆయనకిచ్చారు. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు అట్లాగే ఉన్నాడు. నేను పందిరి బయట, చెప్పుల పక్కన కూర్చున్నాను.

తర్వాత ఆయన చెల్లెలు రెండు గ్లాసుల టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందరూ గుమిగూడారు. మొదటి గ్లాసు ఒక్క గుక్కలో తాగేశాడు. నాలుక కాలి, "అమ్మా!" అంటే అందరూ నవ్వారు. రెండో గ్లాసు చేతిలోకి తీసుకుని బయటికి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా కార్యదర్శీ, ఇప్పుడు టైమెంత?"

నా చేతికి గడియారం ఉంది. దాన్ని చూడలేదు. పందిరి గుంజ నీడ నా మోకాలి దాకా వచ్చింది.

"సరిగ్గా తెలియదన్నా. నాలుగు అయ్యుంటాదేమో."

"అయ్యుంటాదేమో" అని ఆయన నా మాటే మెల్లగా తిరిగి అన్నాడు. గ్లాసు నా చేతిలో పెట్టాడు. "రెండోది నా వల్ల కాదు. పందెం ఓడిపోతి. తాగు."

ఆయన మొహంలోకి చూశాను. అది క్షమించిన మనిషి ఇచ్చిన టీనో, మళ్లీ ఒకసారి గుర్తుచేయడానికి ఇచ్చిన టీనో అప్పుడు అర్థం కాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా తెలియదు. తెలియదనే రాస్తున్నాను.